చూస్తుంది కాదు, చూసుకుంటుంది

నా పేరు సంగాని నూకాలమ్మ. ఆధార్ కార్డు మీద డెబ్బై ఆరేళ్లు. కార్డు తీసినాయన అడిగినప్పుడు నోటికొచ్చింది చెప్పాను కాబట్టి ఒకటి రెండు అటూ ఇటూ ఉండొచ్చు. ఉండేది కొవ్వూరులో, గోదావరి గట్టు దిగిన తర్వాత రెండో వీధి. కింద వాటాలో నేనూ నా కోడలు దుర్గా ఉంటాం. నా కొడుకు యానాంలో ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. మేడ మీద ఉన్న ఒక్క గదినీ నాలుగేళ్లుగా ఒక కంప్యూటరు మేనేజరు గారు ఆఫీసుగా వాడుకున్నారు. ఆయన కిందటి నెలలో ఒక గురువారం మధ్యాహ్నం రాజమండ్రి ఆసుపత్రిలో పోయారు. వయసు యాభై ఒకటి.

కబురు చెప్పింది వీధి చివర ఇస్త్రీ బండి ఆవిడ. గుమ్మంలో నిలబడి, "మీ మేడ మీదాయన లేరంట మామ్మా" అంది. నేను అప్పుడు జెల్ల చేపలు తోముతున్నాను. తోమడం ఆపలేదు. ఆపితే తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. ఉన్నవన్నీ తోమి, కడిగి, దుర్గకి ఇచ్చి, అప్పుడు చెయ్యి కడుక్కున్నాను.

ఆయన టీమ్ వాళ్ళు ఆయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారట. ఇంటావిడగా నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే దుర్గ రాస్తోంది. నా మాటల్లో ఆయన జ్ఞాపకాలున్నాయి, ఒక తగువు కూడా ఉంది. తగువు తీసేసి మిగతాది వేస్తామంటే అసలు వెయ్యకండి.

తగువు ఇది. ఆయన టీమ్‌లో పనిచేసే ఒకమ్మాయి నిడదవోలులో ఉంటుంది. ఆయన పోయిన రోజు పొద్దున ఆ అమ్మాయి ఒక పెద్ద పనిని ఆపేసింది. ఆపే అధికారం లేకుండా ఆపిందని కంపెనీ వాళ్ళు ఆమెను ఉద్యోగంలోంచి తీసేయబోతున్నారు. అధికారం ఆయన ఇచ్చారు. ఇస్తుండగా నా చెవులతో నేను విన్నాను. మిగతాదంతా ఆయన ఎలాంటి మనిషో చెబితే గానీ మీకు బోధపడదు, అందుకని మొదట్నుంచీ చెప్తాను.

ఆయన ఇల్లు మా పక్క వీధిలోనే. కంపెనీ వాళ్ళు ఇంటి నుంచే పనిచేసుకోమన్నప్పుడు కొన్నాళ్ళు ఇంట్లోనే చేశారు. తర్వాత ఒకరోజు మా ఇంటికి వచ్చి గది అడిగారు.

"సొంతిల్లు ఉండగా గదెందుకు బాబూ?" అన్నాను.

"మా ఎదురుగా కల్యాణ మండపం అండి. పెళ్ళిళ్ళ సీజన్లో ఫోన్లో విని విని మా పూణె ఆయనకి మంత్రాలు నోటికొచ్చేశాయి."

"ఇక్కడ చేప వాసన వస్తుంది. తర్వాత నాతో చెప్పుకోకు."

"ఫోన్లో వాసన వెళ్ళదు కదా మామ్మగారూ" అన్నారు. సరే అన్నాను.

ఆయన పని ఏంటో ఆయన నాకు చెప్పిన మాటల్లోనే చెప్తాను. ఎక్కడెక్కడో ఉన్న ఆసుపత్రుల్లో ఏ రోగికి ఏ మందు ఎన్నింటికి ఇవ్వాలో నర్సులకు చూపించే ప్రోగ్రాము ఉంటుంది. దాన్ని తయారు చెయ్యడం, బాగు చెయ్యడం వాళ్ళ పని. టీమ్ ఆరుగురు. పూణెలో ఒకాయన, కొచ్చిలో ఒకాయన, హైదరాబాదులో ఇద్దరు, నిడదవోలులో ఈ అమ్మాయి, మా మేడ మీద ఆయన. అందరూ ఒకచోట కూర్చున్నది మొత్తం మీద ఒక్కసారే.

మా మెట్లు ఆయన గది కిటికీ పక్కగా ఎక్కుతాయి. నేను రొయ్యలు ఒలిచేదీ, కూర తరిగేదీ ఆ మెట్ల మీదే. కాబట్టి ఆయన మాటలు నేను పొంచి విన్నవి కావు, నా మెట్ల మీదకి వచ్చి పడినవి.

మొదటి ఏడాది ఆయనంటే నాకు అంత గురి లేదు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒకటే గొడవ. అయ్యిందా, ఎంతవరకు వచ్చింది, స్క్రీన్ చూపించు, అది కాదు ఇలా చెయ్యి, ఉండు నేను చేస్తాను. పేరుకి ఆరుగురు గానీ పని చేసేది ఒక్కరే, మిగతా అయిదుగురూ ఆయన్ని చూస్తూ కూర్చునేవాళ్ళు. అన్నం డబ్బా సాయంత్రం మూత తీయకుండానే ఇంటికి వెళ్ళేది.

ఒకరోజు టీకి కిందకి వచ్చినప్పుడు అడిగాను.

"ఏంటి బాబూ, ఆ నిడదవోలు అమ్మాయిని పొద్దుట్నుంచి ఎన్నిసార్లు పిలిచావు? ఆ ఇంట్లో వాళ్ళు నీకు భోజనం కూడా పెట్టాల్సింది."

ఆయన నవ్వలేదు. "పని ఇచ్చానండి. ఎలా చేస్తుందో చూడాలి కదా" అన్నారు.

"ఇచ్చావా, చూపించి లాక్కున్నావా?"

ఆ మాటకి ఆయనకి కోపం వచ్చింది. "ఇది చేపల బేరం కాదండి మామ్మగారూ, తేడా వస్తే మనుషుల ప్రాణాలు" అన్నారు. నేనూ ఊరుకోలేదు. కూర్చోమని, మా చేపల బేరం సంగతి చెప్పాను.

నా కింద పన్నెండు మంది ఆడవాళ్ళు తట్టలు మోసేవారు. రేవులో వేలం పాట పాడి సరుకు కొనేది నేను. మంచు వేసి తట్టలు సర్దేది నేను. పొద్దున ప్యాసింజరు ఎక్కి పసివేదల, చాగల్లు, నిడదవోలు, గూడెం దాకా తలా ఒక ఊరు వెళ్ళేది వాళ్ళు. రైలెక్కాక ఎవరేం చేస్తున్నారో నాకు కనపడదు. అప్పట్లో ఫోన్లు లేవు. చాగల్లు వెళ్ళే సూరమ్మ మరీ మెత్తగా అమ్ముతుందని అనుమానం వచ్చి ఒకరోజు నేనూ ఆ రైలెక్కాను. సూరమ్మ వెనకాల నిలబడి చూశాను. మూడిళ్ళ దగ్గర ఏమీ అనలేదు. నాలుగో ఇంటి దగ్గర పట్టలేక, "ఆ రేటుకి రాదమ్మా" అన్నాను. అంతే. మర్నాటి నుంచి చాగల్లులో సూరమ్మ ఏ ధర చెప్పినా, "మీ పెద్దావిడ రానీ, అప్పుడు చూద్దాం" అనడం మొదలుపెట్టారు. మూడు నెలలు ఆమె తట్ట సగం మిగిలి తిరిగొచ్చేది. ఒక్క మాటతో ఆమె నోరు నేను తీసేసుకున్నాను. నా నోరు అక్కడ రోజూ ఉండదు, ఆమె నోరు ఇక చెల్లదు.

అది జరిగాక మా వాళ్ళతో రెండు మాటలే పెట్టుకున్నాను. 'తట్ట చూడు' అంటే తట్ట పక్కన నిలబడు, నేను వచ్చేదాకా ఎవరితోనూ బేరం చెయ్యకు. 'తట్ట చూసుకో' అంటే బేరం నీది, ధర నీది, ఏ వీధిలో ఆగాలో ఏ వీధి వదిలెయ్యాలో నీ ఇష్టం, సాయంత్రం వరకు నన్ను తలుచుకోవద్దు. సరుకు చెడి ఎవరైనా తగువుకొస్తే తిట్లు మాత్రం నావి, నా ఇంటికి పంపు.

ఆయన టీ గ్లాసు చల్లారిపోయింది. "ఇంకోసారి చెప్పండి" అన్నారు. "చూడు అంటే వేరు, చూసుకో అంటే వేరు. అంతేగా?"

"అంతే. ఏది ఇస్తున్నావో నోరు తెరిచి చెప్పు. మధ్యలో మార్చకు."

పసుపుపచ్చ చీటీ మీద ఆ రెండు మాటలూ రాసి ఆయన కంప్యూటరు మీద గోడకి అంటించుకున్నారు.

వెంటనే మారిపోయారని చెప్పను. మారడానికి చాలా అవస్థ పడ్డారు. కిటికీలోంచి నేను చూసిన సంగతి ఒకటి చెప్తాను. అవతల ఎవరో పని చేస్తూ తడబడుతుంటే, ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చునేవారు. చేతులు బయట ఉంటే మీటల మీదకి పోతాయని. మొహం ఎర్రబడిపోయేది. నోరు తెరిచి, మళ్ళీ మూసుకునేవారు. అవతలి మనిషి తంటాలు పడి, పడి, చివరికి పట్టుకునేవాడు. అప్పుడు ఆయన చేతులు బయటికి తీసి తిమ్మిరి పోవడానికి విదిలించుకునేవారు. అయిదేళ్ళ పిల్లల్ని బళ్ళో అలా కూర్చోబెడతారని నేను ఎగతాళి చేస్తే, "నన్ను ఎవరూ కూర్చోబెట్టడం లేదు కదండీ, అదే కష్టం" అన్నారు.

పని పంచేటప్పుడు ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. చివర్లో మాత్రం తెలుగులో ఒక్క మాట. చూడు, లేదా చూసుకో. కొచ్చి ఆయనకీ పూణె ఆయనకీ తెలుగు ముక్క రాదు. ఈ రెండు మాటలూ వచ్చాయి. కొచ్చి ఆయన "సార్, చూడా, చూస్కోనా?" అని అడగడం నేను ఎన్నోసార్లు విన్నాను. నవ్వొచ్చేది. ఆ రెంటికీ తేడా మన తెలుగువాళ్ళకన్నా వాళ్ళకే బాగా తెలిసింది. తర్వాత దానివల్లే చిక్కు వచ్చింది, అది చెప్తాను.

ఆయన మాట తప్పిన రోజు కూడా ఉంది. పోయిన మనిషిని పొగడ్డానికి అది దాచను. పూణె ఆయనకి ఏదో పని 'చూసుకో' అని ఇచ్చారు. అతను చేసిన తీరు ఈయనకి నచ్చలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచినప్పుడు ఈయన కూర్చుని దాన్నంతా తన తీరులో మార్చేశారు. మర్నాడు పూణె ఆయన కనిపెట్టాడు. పోట్లాడలేదు. వారం రోజులు కాల్‌లో అడిగినదానికి అవునూ కాదూ తప్ప మాట్లాడలేదు. అది ఈయన భరించలేక, ఒక ఉదయం అందరి ముందూ ఏదో చెప్పారు. ఇంగ్లీషులోనో హిందీలోనో, నాకు అర్థం కాలేదు. కానీ తప్పు ఒప్పుకునే గొంతు ఏ భాషలోనైనా ఒకలాగే ఉంటుంది. తర్వాత కిందకి వచ్చి, "వాడు చేసిందే పెట్టేశానండి, నాకు నచ్చకపోయినా" అన్నారు. "నీకు నచ్చడానికి చేశాడా, పని కావడానికి చేశాడా?" అన్నాను. తల ఊపి వెళ్ళిపోయారు.

పైవాళ్ళతో మీటింగు రోజు ఆయన గొంతు మారేది. అక్కడ తిట్లు పడే రోజైతే మాట్లాడేది ఆయనొక్కరే. మెప్పు వచ్చే రోజైతే, "చేసింది వాళ్ళండి, వాళ్ళే చెప్తారు" అని తప్పుకునేవారు. ఒకరోజు ఎవరో పెద్దాయన గట్టిగా అరుస్తుంటే నేను మెట్ల మీద కత్తిపీట ఆపి విన్నాను. తప్పు నిడదవోలు అమ్మాయిది, నాకు ముందురోజే తెలుసు. ఆమె పేరు ఆయన నోట్లోంచి రాలేదు. అయ్యాక బయటికి వచ్చి వరండా గోడకి ఆనుకుని, గట్టు మీద వెళ్ళే లారీల్ని చాలాసేపు చూశారు. అప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "అయిపోయిందమ్మా, ఏం లేదు. ఆ పని మళ్ళీ నువ్వే చూసుకో" అన్నారు. తప్పు చేసిన మనిషికే, తప్పు జరిగిన పనే, మళ్ళీ ఇచ్చారు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. సూరమ్మకి చాగల్లు మళ్ళీ ఇవ్వలేదు, గూడెం పంపాను. ఆ ఒక్క విషయంలో ఆయన నాకన్నా గట్టి మనిషి.

ఒక్కటి మాత్రం ఆయన ఎవరికీ అప్పగించలేకపోయారు. అది ఆయన ఒళ్ళు. మెట్లెక్కుతూ మధ్యలో ఆగి ఫోను చూసుకుంటున్నట్టు నటించేవారు. ఫోను వెలిగేది కాదు, నాకు కనపడుతూనే ఉండేది. "డాక్టరుకి చూపించుకో బాబూ" అంటే "రిలీజ్ అయ్యాక" అనేవారు. రిలీజ్ అంటే తయారైన ప్రోగ్రాముని ఆసుపత్రులకి పంపే రోజు. ఒకటి అయ్యాక ఇంకోటి ఉండేది. భార్యకి చెప్పానన్నారు. చెప్పలేదని ఆయన పోయాక ఆవిడే అంది.

ఇక ఆ బుధవారం. పొద్దున పదిన్నరకి చెమటలు పట్టి గదిలోంచి బయటికి వచ్చారు. నేను మెట్ల మీదే ఉన్నాను. మర్నాడు గురువారం పెద్ద రిలీజ్. ఒక చేత్తో మెట్ల కమ్మీ పట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి ఫోను స్పీకర్లో పెట్టి నిడదవోలు అమ్మాయితో మాట్లాడారు. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్తున్నాను, దుర్గా, ఒక్కటి కూడా సవరించకుండా రాయి.

"రేపటిది నువ్వే చూసుకోమ్మా."

"సార్, మధ్యలో మీకు ఫోన్ చెయ్యొచ్చా?"

"చెయ్యకు. చేసినా ఎత్తను."

"ఏదైనా తేడాగా ఉంటే ఏం చెయ్యమంటారు సార్?"

"పంపించాలనిపిస్తే పంపు. ఆపాలనిపిస్తే ఆపు. నన్ను అడక్కు."

"పైవాళ్ళు అడిగితే?"

"తిట్లు నావని చెప్పు. నువ్వే చూసుకో."

రెండుసార్లు అన్నారు ఆ మాట. ఫోను జేబులో పెట్టుకుని, నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. నాలుగేళ్ళలో ఆ మెట్ల మీద ఆయన కూర్చున్నది అదే. "మామ్మగారూ, కొంచెం మా ఆవిడకి కబురు పంపుతారా?" అన్నారు. దుర్గ పరిగెత్తింది. ఆవిడ కారు తెచ్చింది. వంతెన దాటి రాజమండ్రి తీసుకెళ్ళింది.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, వాళ్ళు చెప్పగా విన్నాను. వంతెన మీద వెళ్తుండగా ఆయన, టీమ్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టమని భార్యకి చెప్పారు. ఆవిడ ఆయన ఫోనులోంచి రాసింది. ఆయన చెప్పిందేమో "ఆ అమ్మాయి చూసుకుంటుంది" అని. ఆవిడ రాసిందేమో "రేపటి పని ఆ అమ్మాయి చూస్తుంది" అని. ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని, ఒక చేత్తో రాస్తోంది. ఇంట్లో మనం మాట్లాడుకునే తీరులో రెండూ ఒకటే. "స్కూలు ఫీజు సంగతి మా ఆయన చూస్తారు" అంటే ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆ టీమ్‌లో రెండూ ఒకటి కాదు. అక్కడ చూడు అంటే చెయ్యి పెట్టకు అని.

గురువారం పొద్దున ఆ అమ్మాయి చివరిసారి సరిచూసుకుంటుంటే, కొందరు రోగుల పేర్ల పక్కన ఒకే మందు రెండుసార్లు కనపడిందట. హైదరాబాదు వాళ్ళు అది తెర మీద కనపడటంలో లోపమే గానీ లోపల లెక్క సరిగ్గానే ఉంది, పంపేద్దాం అన్నారట. ఆమె ఆపేసింది. ప్రోగ్రాము కొన్న ఆసుపత్రుల వాళ్ళు గోల చేశారు. పైవాళ్ళు గ్రూపు తెరిచి చూశారు. 'చూస్తుంది' అని ఉంది. దాని అర్థం ఏంటని పూణె ఆయన్ని, కొచ్చి ఆయన్ని అడిగారు. వాళ్ళు అబద్ధమాడే మనుషులు కారు. మా సార్ లెక్కలో అది చూడు కిందకే వస్తుంది, చూస్కో అయితే ఇంకోలా ఉండేది అని చెప్పారు. ఆయన నేర్పిన తేడాయే ఆయన అప్పగించిన మనిషి మెడకి చుట్టుకుంది. అడుగుదామంటే ఆయన లేరు. అదే రోజు మధ్యాహ్నం పోయారు.

పదకొండో రోజున ఆ అమ్మాయి నిడదవోలు నుంచి ఆయన ఇంటికి వచ్చింది. ముప్పై మూడేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. అప్పటిదాకా గొంతే తెలుసు నాకు. మనిషి నేననుకున్న దానికన్నా పొట్టి. భోజనాలయ్యాక కంపెనీ పెద్దాయన ఒకరు హైదరాబాదు నుంచి సంతాపం చెప్పడానికి ఫోన్ చేశారు. మేనేజరు గారి భార్య అరుణ మాట్లాడటం అయ్యాక ఫోను నాకివ్వమన్నాను.

"బాబూ, ఆయన ఆ అమ్మాయికి చూసుకోమని చెప్పడం నేను విన్నాను."

"మీరు చెప్పేది అర్థమైందండి మామ్మగారూ. కానీ మాకు రాతలో ఉన్నదే లెక్కండి."

"నాకు రాత రాదు. అందుకే చెవి ఇంకా పాడవలేదు."

"అయినా రెండూ చూడ్డమే కదండి."

"మీ ఆవిడ పుట్టింటికి వెళ్తూ పిల్లల్ని చూడమంటుందా, చూసుకోమంటుందా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత, "సోమవారం కమిటీ ఉందండి. మీరు చెప్పింది రాయించి, సాక్షి సంతకంతో పంపండి. ముందు పెడతాను" అన్నారు. మర్యాదస్తుడే. ఆయనకీ ఏదో కాగితం కావాలి.

సాక్షి అంటే అరుణే ఉండాలి. మెసేజ్ రాసిన చెయ్యి ఆవిడది. ఆవిడ ఒప్పుకోలేదు. "నన్ను వదిలెయ్యండి పిన్నిగారూ" అంది. ఎందుకో అడిగితే ఫోను తీసి చూపించింది. ఆయన ఫోనులోంచి వెళ్ళిన ఆఖరి మాట అదే. ఆ తర్వాత ఆయన నోట మాట లేదు, ఆపరేషను గదిలోకి తీసుకెళ్ళిపోయారు. రోజూ ఆ మెసేజ్ తెరిచి చదువుకుంటోందట. "అది తప్పని నేనెలా రాసిచ్చేది? ఆయన ఆఖరి మాట తప్పంటే నాకింకేం మిగులుతుంది?"

నిడదవోలు అమ్మాయి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. "వద్దులెండి మేడమ్. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది. అది అలాగే ఉంచుకోండి" అంది.

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. కోపంలోనే అన్నాను, తర్వాత మెత్తగా అనుండాల్సిందేమో అనుకున్నాను గానీ మాట అదే.

"అది ఆయన మాట కాదమ్మా అరుణా. నీ మాట. నువ్వు కంగారులో రాసిన మాట. ఆయన మాట నా దగ్గరుంది, రెండుసార్లు అన్నారు. నీకు కావాలంటే గొంతుతో సహా చెప్తాను. ఆయన ఈ పిల్లకి ఇచ్చి వెళ్ళిన దాన్ని, చచ్చిపోయాడు కదా అని వెనక్కి లాక్కుంటున్నారు. బతికుండగా ఒక్కసారి లాక్కున్నందుకే వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు ఆయన."

ఆవిడ ఫోను కట్టేసి పక్కన పెట్టింది. తర్వాత, "ఏమన్నారో చెప్పండి" అంది. చెప్పాను, పైన దుర్గ రాసినట్టే. "చేసినా ఎత్తను" దగ్గర ఆవిడ నవ్వింది. "అలాగే అంటారు" అంది. అప్పుడు కళ్ళు తుడుచుకుని, ఒక అక్షరం కూడా తగ్గించకుండా రాయించమంది.

పుస్తకానికీ కమిటీకీ వెళ్ళేది ఈ ఒక్క కాగితమే కాబట్టి, కమిటీ వాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఆ అమ్మాయి ఆపడం మంచిదో చెడ్డదో నాకు తెలియదు. మందు నిజంగా రెండుసార్లు పడేదో, ఉత్తినే కనపడిందో నాకు తెలియదు. నా సాక్ష్యం దాని మీద కాదు. ఆపాలా పంపాలా అని తేల్చే పని ఆమెది, దానికి యజమాని ఆమె. తేల్చింది తప్పయితే తిట్లు ఆయనవి, అది ఆయన నోటితో ఒప్పుకున్న మాట. తిట్టాలని ఉంటే ఆయన ఫోటో మా మేడ గదిలో పెట్టారు, వచ్చి తిట్టండి. ఆయన బదులు వినడానికి నేను మెట్ల మీద ఉంటాను.

చదివే మీకు ఇంకొక్క మాట. మీ చేతి కింద మనుషులుంటే, కనపడని ఊళ్ళలో ఉంటే, ఏది ఇస్తున్నారో నోరు తెరిచి చెప్పండి. ఇచ్చింది ఇచ్చినట్టు ఉండనివ్వండి. అది నేను చెప్పానని ఆయన అందరితో అనేవారు. చెప్పడం నేను చెప్పాను. చేసింది ఆయన.

దుర్గ ఇదంతా నాకూ, సంతకం పెట్టడానికి వచ్చిన అరుణకీ మళ్ళీ చదివి వినిపించింది. రెండు చోట్ల సవరించాను. స్టాంపు పెట్టె తెచ్చి నా బొటనవేలికి సిరా రాసింది. మొదటిసారి వేస్తే కాగితం మీద నల్లటి గుండ్రం పడింది గానీ గీతలు లేవు. రెండోసారి నెమ్మదిగా వేశాను, అదీ అంతే. రేషను షాపు మిషను కూడా నా వేలు ఒప్పుకోదు, కళ్ళు చూసి బియ్యం ఇస్తారు. చేప పొలుసు గీకి గీకి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"అత్తా, ఇది ముద్రలా లేదు, మచ్చలా ఉంది. కమిటీ వాళ్ళు ఒప్పుకుంటారా?" అంది దుర్గ.

"ఆ మచ్చే నా ముద్ర అని కింద రాయి" అన్నాను.

మూడోసారి వేలు ఆన్చినప్పుడు కాగితం కదలకుండా అరుణ రెండు చేతులతో పట్టుకుంది. ముద్ర ఆరేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.

పై మచ్చ సంగాని నూకాలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షి: అరుణకుమారి, మేనేజరు గారి భార్య. ఆ మెసేజ్ రాసింది నేనే. ఆయన చెప్పింది 'చూసుకుంటుంది' అని.

రాసినదీ, రెండో సాక్షీ: సంగాని దుర్గ, కోడలు.